తొమ్మిదో స్తంభం తాళంచెవి

"రెండు చేతులూ ఆ చక్రాల మధ్య పోగొట్టుకున్నావంటే, రేపట్నించీ నీకు జడెవరు వేస్తారే?" అంది తల్లి, కూతురి జుట్టు మూడు పాయలు చేసి బిగించి లాగుతూ.

"ఇప్పుడు మాత్రం ఎవరేస్తున్నారు? నువ్వేగా. రేపూ నువ్వే వేద్దువుగాని," అంది కూతురు. "మెల్లిగా లాగమ్మా. చక్రాల దాకా ఎందుకు, తల ఇక్కడే ఊడి నీ చేతికొచ్చేట్టుంది."

"నవ్వు, నవ్వు. నీకన్నీ నవ్వులాటే."

లాండ్రీ గదిలో ఉతికిన దుప్పట్లు నడుమెత్తు గుట్టలుగా పడి ఉన్నాయి. పైన రిసార్టులో నూట ఇరవై గదులున్నాయి. ఆ గదుల దుప్పట్లన్నీ రోజూ ఇక్కడికి దిగి, ఆవిరి రోలర్ల మధ్య నుంచి అట్టల్లా సాఫీగా బయటికొచ్చి, మళ్ళీ రోప్‌వే క్యాబిన్లలో కొండెక్కుతాయి. ఆ రోలర్ల దగ్గర తల్లి పనిచెయ్యబట్టి ఎనిమిదేళ్ళు. అందరూ ఆమెని ఇస్త్రీ అక్క అంటారు. కూతురు రోప్‌వేలో మెకానిక్. స్తంభం నిచ్చెన పట్టిందంటే రెప్పవేసేలోగా పైనుంటుందని అందరూ ఉడత అని పిలుస్తారు. ఆ పేరు తల్లి నోట మాత్రం ఎప్పుడూ రాదు. ఉడతలు కూడా కిందపడతాయి, ఎవరూ చూడరంతే, అనుకుంటుంది.

జడ అల్లి, చుట్టచుట్టి, ఆరు పిన్నులు గుచ్చింది. ఒక్క వెంట్రుక కూడా హెల్మెట్ బయటికి రాకూడదు. ఎక్కడో ఎవరిదో జుట్టు చక్రంలో చిక్కుకుందని ఎవరో చెబితే విన్నప్పటి నుంచీ ఈ జడ పని ఆమే పట్టుబట్టి తన చేతిలోకి తీసుకుంది.

గోడకి అవతల మోటారు గది. లాండ్రీ గోడ మీద చెయ్యి వేస్తే మోటారు హోరు అరచేతికి తెలుస్తుంది. పదిమంది చేతులు చాపి చుట్టూ నిలబడితేగానీ అందనంత పెద్ద చక్రం ఒకటి అక్కడ అడ్డంగా పడుకుని తిరుగుతుంది. దాని అంచు గాడిలో రబ్బరు పరిచి ఉంటుంది. ఆ రబ్బరు పట్టుకే ఉక్కు మోకు కదులుతుంది, మోకుని పట్టుకుని క్యాబిన్లు కదులుతాయి. కొండ మీద ఇంకో చక్రం ఉంది. దానికి మోటారు లేదు. మోకు సడలకుండా దాన్ని వెనక్కి లాగిపట్టి ఉంచుతారు. మధ్యలో పద్నాలుగు స్తంభాలు. ఒక్కో స్తంభం తల మీద మోకు కింద వరసగా కప్పీ చక్రాలు.

ఇదంతా కట్టేటప్పుడు ఆమె కళ్ళారా చూసింది. రోడ్డు లేని చోటికి స్తంభాల ముక్కల్ని హెలికాప్టరు మోసుకెళ్ళింది. పునాదుల గోతుల్లో ముగ్గురు మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడ్డా తల పైకి రాదు. తొమ్మిదో స్తంభం గోతిలో కాంక్రీటు పోసిన వాళ్ళలో ఆమె భర్త ఒకడు. స్తంభాలు లేచాక వాటి మీదుగా ముందు సన్నటి తాడు లాగారు. దానికి కట్టి ఇంకాస్త లావుది, దానికి కట్టి చివరికి ఉక్కు మోకు. మోకు రెండు కొసలూ కలిపే రోజున ఆమె టీ పట్టుకెళ్ళింది. ముడి వేస్తారేమో అనుకుంది. ముడి లేదు. రెండు కొసల పురులూ విప్పి, అరవై అడుగుల పైగా ఒకదాని కడుపులోకి ఒకటి దూర్చి, అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియకుండా చేశారు. ముడి లేకుండా అతికిన తాడు మీద ఇంతమంది ప్రాణాలు వేలాడతాయంటే ఆమెకి ఇప్పటికీ నమ్మకం కుదరదు. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా క్యాబిన్ ఎక్కలేదు.

"కరెంటు పోతే డీజిలింజనుంది. డీజిలు అయిపోతే మీ అమ్మ భయముంది. అదెప్పుడూ ఆగదు," అనేవాడు భర్త, కూతురితో. సిమెంటు దుమ్ము అతని ఊపిరి తినేసి నాలుగేళ్ళయింది. ఆ ఎగతాళి మాత్రం మోటారు గదిలో అందరి నోళ్ళలోనూ బతికే ఉంది.

కూతురు లేచి పసుపు కోటు తొడుక్కుని, జేబులోంచి తాళంచెవి తీసి తల్లి అరచేతిలో పెట్టింది.

"ఇదిగో నీ నిద్రమాత్ర."

అసలు ఆ చెవి తల్లి చేతిలో ఉండకూడదు.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. స్తంభం ఎక్కేవాళ్ళు ఎక్కేముందు మోటారు ఆపించి, స్విచ్చునీ డీజిలింజను లివర్నీ కలిపి ఒక ఇనుప పట్టీ దించి, దానికి ఎవరి తాళం వాళ్ళు వేస్తారు. తాళానికి వాళ్ళ ఫొటో వేలాడుతుంది. చెవి ఒక్కటే. అది ఎక్కినవాళ్ళ జేబులోనే ఉండాలి. దిగొచ్చి వాళ్ళే తీయాలి. వేరేవాళ్ళు తీయాల్సొస్తే తాళం కోయాలి. కోయాలంటే ఎక్కిన మనిషి దిగొచ్చినట్టు ఇద్దరు కళ్ళారా చూసి, చూశామని సంతకం పెట్టాలి.

రెండేళ్ళ కిందట, కూతురు ఎక్కిన ప్రతిసారీ తల్లి దుప్పట్లు వదిలేసి మోటారు గది గుమ్మంలో నిలబడి, "ఆపారా? నిజంగా ఆపారా? ఎవరైనా పొరపాటున నొక్కితే?" అని వేపుకు తినేది. విసిగిపోయిన కూతురు ఒకరోజు చెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "ఇది నీ దగ్గరుండగా ఆ మోకు అంగుళం కదలదు. ఎవరడిగినా ఇవ్వకు. నేను ఫోన్లో అడిగినా ఇవ్వకు. నా మొహం ఎదురుగా కనబడితేనే ఇవ్వు. సరేనా?" డీజిలింజను చూసుకునే పెద్దాయన, అందరికీ డీజిల్ బాబాయ్, అదంతా చూసి, చూడనట్టు గోడవైపు తిరిగాడు. ఆవిడ నోరు మూతపడితే ఆయనకీ అంతే చాలు.

నిజంగానే ఆ రోజు నుంచీ ఆమె గుమ్మానికి రాలేదు. చెవిని తాడుకి కట్టి మెడలో వేసుకుని పని చేసుకునేది.

* * *

నిద్రమాత్ర అంటూ చెవి ఇచ్చిన ఆ రోజే, మధ్యాహ్నం గాలి తిరిగింది. గోడ మీద హోరు ఉన్నట్టుండి ఆగిపోయింది. చక్రాల మీద మోకు ఏమాత్రం పక్కకి జరిగినా విరిగేలా ప్రతి స్తంభం మీదా ఒక చిన్న పుల్ల ఉంటుంది. అది విరిగితే దానిగుండా పోయే సన్నటి తీగ తెగి మోటారు తనంతట తనే ఆగిపోతుంది. తొమ్మిదో స్తంభం మీద పుల్ల విరిగింది. పదకొండు క్యాబిన్లలో జనం ఉన్నారు.

స్తంభం మీదికి ఇద్దరు వెళ్ళాలి. రెండోవాడు సెలవులో ఉన్నాడు. కూతురు తాళం వేసి, కొండదారిన ఒక్కతే వెళ్ళింది. ముప్పావుగంటకి వాకీటాకీ సెట్టులో మాట వినబడింది.

"ఎక్కాను బాబాయ్. మోకు గాడిలోనే ఉంది. ఒక చక్రం రబ్బరు చిరిగి మోకు కింద ఇరుక్కుంది. మోకుని వేలెడు పైకెత్తి, లాగేస్తాను. అరగంట."

అరగంట గంటయింది. మంచు దట్టంగా దిగి రెండో స్తంభం కూడా కనబడకుండా పోయింది. కరెంటు పోయింది. సెట్టులో ఎంత పిలిచినా పలుకు లేదు.

లాండ్రీలో రోలర్లు చల్లబడ్డాయి. తల్లి మెడలోని చెవిని పిడికిట్లో పట్టుకుని మోటారు గదికి వచ్చింది.

లోపల రోప్‌వే ఇన్‌ఛార్జి, డీజిల్ బాబాయ్ ఉన్నారు. ఇన్‌ఛార్జి ఒక చెవి దగ్గర ఫోను, ఇంకో చెవి దగ్గర సెట్టు పెట్టుకుని ఉన్నాడు. వయసులో చిన్నవాడు. చెడ్డవాడు కాదు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మా పిల్ల పలకడం లేదా?" అంది.

"దిగొస్తుంటుందక్కా. ఎనిమిదో స్తంభం మలుపులో సెట్లు పనిచెయ్యవు, తెలుసుగా," అన్నాడు ఇన్‌ఛార్జి.

"పడిపోయిందేమో. స్పృహ తప్పి వేలాడుతోందేమో. గాలికి..."

"చెల్లెమ్మా, కాస్త ఊరుకో," అన్నాడు డీజిల్ బాబాయ్. "నీ మాటలకి ఇంజను కూడా బెదిరి స్టార్టవదు."

అప్పుడు ఫోను మోగింది. పదిహేడో క్యాబిన్. మూడు, నాలుగు స్తంభాల మధ్య వేలాడుతోంది. అందులో ఒక తల్లి, అయిదేళ్ళ పాప. పాపకి ఉబ్బసం. పీల్చే మందు అయిపోయింది. తాళ్ళతో దించే జట్టు కింద పట్నం నుంచి రావాలి, రెండు గంటలు పడుతుంది. ఈ గాలిలో దించగలరో లేదో తెలియదు. మోకు కదిలిందా, పది నిమిషాల్లో ఆ క్యాబిన్ ఇక్కడుంటుంది.

ఇన్‌ఛార్జి కొండ మీది స్టేషనుని పిలిచాడు. "మా మెకానిక్ ఏమైనా కనిపించిందా?"

"ఇందాక మంచులో పసుపు కోటు ఒకటి కాలిబాటన కిందికి దిగడం చూశా. అరగంటయింది," అంది అవతలి గొంతు.

ఇన్‌ఛార్జి పెద్దగా ఊపిరి వదిలాడు. "చెప్పానా? దిగింది. మలుపులో ఉంది." చిన్న తీగముక్క తీసి స్విచ్చుల పలకలో రెండు చోట్ల గుచ్చాడు. తొమ్మిదో స్తంభం పుల్ల విరగనట్టే ఇంజను నమ్మాలి కదా, అందుకు. తరవాత ఇనుప పట్టీ వైపు చూశాడు. పట్టీకి ఒకే తాళం ఉంది. ఫొటోలో ఉడత పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది.

"కోయాలంటే ఇద్దరం చూడాలి. చూడకుండా ఎలా సంతకం పెడతాం?" అన్నాడు డీజిల్ బాబాయ్. ఆ మాట అంటూనే ఆయన కళ్ళు ఇస్త్రీ అక్క మెడ మీదికి పోయాయి. పోయినందుకు ఆయనకే సిగ్గనిపించి, మళ్ళీ గోడవైపు తిరిగాడు.

ఇన్‌ఛార్జి కూడా చూశాడు. "అక్కా, చెవి మీ దగ్గరుందా?"

ఆమె పిడికిలి బిగించింది. "దాని మొహం కనబడితేనే ఇవ్వమంది."

"మొహం ఎలా కనబడుతుందక్కా ఈ మంచులో? కోటు కనబడిందిగా! పసుపు కోటుతో ఆ బాట మీద ఇంకెవరుంటారు?"

"కోటేగా బాబూ కనబడింది. మనిషి కాదుగా."

"ఎప్పుడూ ఇంతే మీరు! గాలేస్తే భయం, వానొస్తే భయం, ఫోను మోగితే భయం, మోగకపోతే భయం. ఎనిమిదేళ్ళుగా మీ కూతురు రోజూ చచ్చిపోతూనే ఉంది మీ లెక్కన. ఒక్కసారైనా నిజమైందా? ఒక్కసారి?"

ఆమె తాళం మీది ఫొటో వైపు చూసింది. నిజమే. ఒక్కసారీ కాలేదు. ఆమె భయపడిన ప్రతిసారీ పిల్ల ఈల వేసుకుంటూ దిగొచ్చింది.

ఇన్‌ఛార్జి ఫోను స్పీకరులో పెట్టి ఆమె ముందుకి చాపాడు. అందులోంచి మాట రాలేదు. ఈలలాంటి చప్పుడు ఒకటి వచ్చింది, ఆగింది, మళ్ళీ వచ్చింది. పాప ఊపిరి అది. పోయే ముందు నెలంతా ఆమె భర్త ఛాతీలోంచి వచ్చిన చప్పుడూ అదే. తరవాత ఆడగొంతు.

"ఎవరండీ మీరు? అక్కడెవరో ఉన్నారు, నాకు తెలుస్తోంది. నాకు ఒక్కతే పాపండీ. పెదాలు నల్లబడుతున్నాయి. ఏదో ఒకటి చెయ్యండి. నేను కిటికీలోంచి దూకమన్నా దూకుతాను."

"దూకకు తల్లీ, దూకకు," అంది ఇస్త్రీ అక్క, తనకి తెలియకుండానే.

"మీకూ పిల్లలున్నారా అండీ?"

ఆమె ఫోను మీంచి చూపు తిప్పుకుంది. తొమ్మిదో స్తంభం వైపు కిటికీలోంచి చూసింది. తెల్లగా ఉంది, ఉతికి ఆరేసిన దుప్పటి కళ్ళకడ్డంగా వేలాడినట్టు. పిల్ల మలుపులోనే ఉండి ఉంటుంది, అనుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె మంచి జరుగుతుందని అనుకున్నది అదే మొదటిసారి. అలా అనుకోగానే ఒంట్లో ఏదో తేలికయింది. ఇన్నాళ్ళూ అందరూ ఇలాగే ఉన్నారా, ఇంత హాయిగా, అనిపించింది.

ఇన్‌ఛార్జి చెయ్యి చాపాడు. ఆమె ఆ చేతికి చెవి ఇవ్వలేదు. మెడలోంచి తీసి, తనే వెళ్ళి తాళంలో పెట్టి తిప్పింది. తాళం చప్పుడు కూడా చెయ్యకుండా తెరుచుకుంది. కూతురు నెలనెలా దానికి నూనె వేస్తుంది.

డీజిల్ బాబాయ్ పట్టీ ఎత్తి ఇంజను తిప్పాడు. అది దగ్గి, దగ్గి, పట్టుకుంది. పెద్ద చక్రం మెల్లిగా, నడిచే మనిషికన్నా మెల్లిగా కదిలింది. ఉక్కు మోకు గాడిలో మూలిగి సాగింది.

నిమిషం కూడా కాలేదు. ఇంజను హోరులో ఒక చిన్న ముక్క మారింది.

మారిందని ఎవరికీ తెలిసుండదు. ఆమెకి తెలిసింది. దుప్పటి మడతలో ఎవరో మర్చిపోయిన తువ్వాలు ముద్దగా రోలర్ల మధ్యకి పోతే, మిషను సరిగ్గా అలాగే ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, బలం చేసి, మళ్ళీ మామూలుగా తిరుగుతుంది. ఆ మార్పు చెవికన్నా ముందు అరికాళ్ళకి తెలుస్తుంది.

"ఆపండి," అంది. "బాబూ, ఆపండి. ఏదో నలిగింది."

"చల్లటి ఇంజనక్కా. మొదట్లో అలాగే ఉంటుంది."

"కాదు. నాకు తెలుసు ఆ చప్పుడు. ఏదో చక్రం కిందికెళ్ళింది."

"అక్కా!" అన్నాడు ఇన్‌ఛార్జి. గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నాడు. "పది నిమిషాలు. ఆ పాప కోసం. మీ భయాన్ని పది నిమిషాలు పట్టుకోండి."

డీజిల్ బాబాయ్ చెయ్యి ఇంజను ఆపే ఎర్ర బటను దాకా వెళ్ళి, ఇన్‌ఛార్జి మొహం చూసి, వెనక్కొచ్చింది.

ఆమె పట్టుకుంది. గోడకి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, పది నిమిషాలు తన భయాన్ని చెప్పినట్టే పట్టుకుంది. జీవితంలో ఎప్పుడూ వినని మాట ఆ రోజు విన్నది.

పదిహేడో క్యాబిన్ ప్లాట్‌ఫారానికి చేరింది. తలుపు తెరుచుకోగానే ఆ తల్లి పాపని భుజాన వేసుకుని దూకింది. అక్కడ కాచుకుని ఉన్న స్టేషను నర్సు మందు పట్టించింది. పాప దగ్గింది, ఏడ్చింది. ఏడుపు వినగానే ఇన్‌ఛార్జి నేల మీద చతికిలబడి తల పట్టుకున్నాడు. డీజిల్ బాబాయ్ కళ్ళు తుడుచుకుంటూ, "చూశావా చెల్లెమ్మా, నీ పుణ్యమే..." అనబోయాడు.

తలుపు తోసుకుని ఒక మనిషి లోపలికొచ్చాడు. పసుపు కోటు. టోపీ వెనక్కి తోసి మొహం మీది తడి దులుపుకున్నాడు. కొండ మీద నీళ్ళ పైపులు చూసే అతను.

"అబ్బ, నడిచి నడిచి ప్రాణం పోయింది. మలుపు దగ్గర కాసేపు కూర్చుండిపోయా, దారి కనబడక," అన్నాడు. అప్పుడు చక్రాన్ని చూశాడు. "నడుపుతున్నారా? మరి ఉడత దిగిందా? నేనొచ్చేటప్పుడు స్తంభం మీద సుత్తి చప్పుడు వినబడిందే."

డీజిల్ బాబాయ్ ఎర్ర బటను మీద పిడికిలితో గుద్దాడు. చక్రం ఆగింది. గదిలో ఇంజను పొగ మిగిలింది.

ఇన్‌ఛార్జి సెట్టు తీసి పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. మూడోసారీ పిలిచాడు. పైపులతను అప్పటికే తలుపు తీసి కొండదారిన పరిగెత్తాడు. ఇస్త్రీ అక్క ఇన్‌ఛార్జి చేతిలోంచి సెట్టు లాక్కుంది. ఎప్పుడూ దాన్ని ముట్టుకున్నది కాదు. ఏది నొక్కాలో డీజిల్ బాబాయ్ ఆమె వేలు పట్టుకుని చూపించాడు.

"అమ్మా, ఉడతా," అంది. ఆ పేరుతో ఆమె కూతుర్ని పిలవడం అదే మొదలు. "నేనే. మీ అమ్మని. పలకవే."

బరబర శబ్దం. ఏమీ లేదు.

"తిట్టనులే. పలుకు."

ఏమీ లేదు. గోడ గడియారం కరెంటు పోయిన చోటే ఆగి ఉంది. ప్లాట్‌ఫారం మీద పాప ఏడుపు సన్నగా వినబడుతోంది. ఆమె ఒక్కొక్క మాటే పెట్టి పిలుస్తూనే ఉంది, చంటిపిల్లకి ఒక్కొక్క ముద్దే పెట్టినట్టు.

చాలాసేపటికి సెట్టు చిటపటలాడింది.

"అమ్మా." ఊపిరి. "సెట్టు జారి బెల్టుకి కిందెక్కడో వేలాడింది. ఇప్పుడు ఒంటిచేత్తో పైకి లాక్కున్నా." మళ్ళీ ఊపిరి. "కుడి చెయ్యి మోకు కింద ఉంది. నొప్పి తెలియట్లేదు. చూడబుద్ధి కావట్లేదు."

ఆమె సెట్టుని రెండు చేతులతో పట్టుకుంది. బాబాయ్ ఆమె భుజం పట్టుకున్నాడు.

"వస్తున్నారే. మనుషులొస్తున్నారు. కదలకు."

"అమ్మా," అంది కూతురు. గొంతు చిన్నగా, చిన్నప్పటి గొంతులా ఉంది. "మోకు ఎలా కదిలింది? తాళం వేశాగా. చెవి నీ దగ్గరేగా ఉంది. ఎవరికిచ్చావమ్మా?"

ఇన్‌ఛార్జి ఆమె ముందుకి మోకాళ్ళ మీద జరిగాడు. పెదాలతోనే, శబ్దం లేకుండా అన్నాడు: "కోశామని చెప్పండక్కా. మేమే కోశామని చెప్పండి. మీకు తెలియదని చెప్పండి." నిజంగానే ఆమె కోసమే అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళున్నాయి. డీజిల్ బాబాయ్ కూడా తల ఊపాడు.

తాళం బల్ల మీద పడి ఉంది, తెరుచుకుని, చెవి అందులోనే ఉండి. ఫొటోలో పిల్ల నవ్వుతోంది.

"అమ్మా? ఉన్నావా?"

బరబర. కింద ఎవరివో పరుగులు. పైన ఎక్కడో మంచులో, భర్త కాంక్రీటు పోసిన స్తంభం మీద, వాళ్ళ పిల్ల చెవి ఒగ్గి వేచి ఉంది. ఆమె బటను మీద వేలు పెట్టింది, తీసింది. 

"అమ్మా?"

ఆమె బటను నొక్కింది.

"ఎవరికీ ఇవ్వలేదే తల్లీ," అంది. "నా చేత్తో నేనే తీశాను."